సర్కారు బడిలో చదివిన అమ్మాయిలకు ఏడాదికి 30 వేలు: అజీం ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్‌కు ఎలా సిద్ధం కావాలి?

పదో తరగతీ ఇంటరూ సర్కారు బడిలోనే చదివి, ఇప్పుడు డిగ్రీలోనో డిప్లొమాలోనో మొదటి ఏడాదిలో చేరిన, చేరబోతున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. అమ్మానాన్నలు, జూనియర్ కాలేజీ లెక్చరర్లు కూడా చదివితే ఇంకా మంచిది. దరఖాస్తు నింపేది అమ్మాయే అయినా, దానికి కావలసిన కాగితాల్లో సగం పెద్దవాళ్ల బీరువాలోనే ఉంటాయి.

అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ బెంగళూరు కేంద్రంగా పనిచేసే లాభాపేక్ష లేని సంస్థ. విప్రోను పెంచి పెద్దచేసిన అజీం ప్రేమ్‌జీ తన సంపదలో చాలా భాగం దీనికే రాసిచ్చారు. అమ్మాయిల పైచదువు కోసం ఈ సంస్థ ఏడాదికి 30,000 రూపాయలు ఇస్తోంది. 15,000 చొప్పున రెండు విడతలుగా, కోర్సు పూర్తయ్యేదాకా నేరుగా అమ్మాయి బ్యాంకు ఖాతాలో వేస్తుంది. 2025-26లో 2.5 లక్షల మందికి ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది.

స్కాలర్‌షిప్ అనగానే 95 శాతం మార్కులు కావాలేమో, ఎంట్రన్స్ రాయాలేమో అని చాలామంది అమ్మాయిలు ముందే వెనక్కి తగ్గుతారు. దీనికి ర్యాంకులతో పని లేదు. పది, పన్నెండు పాసై, కాలేజీలో చేరి ఉంటే చాలు. ఇలాంటి దరఖాస్తులు ఆగిపోయేది మార్కులు తక్కువై కాదు. పేర్లు కలవకపోవడం, ఖాతా పనిచేయకపోవడం, ఫోన్ నంబరు చేజారిపోవడం, ఈ మూడే ఎక్కువగా కొంప ముంచుతాయి. మూడూ ముందుగా సరిచేసుకోగలిగినవే. అందుకే దరఖాస్తు తేదీ వచ్చాక చూద్దాంలే అనుకోకండి. ఇంటర్ పరీక్షలు అయిపోయిన మర్నాటి నుంచే పని మొదలుపెట్టండి.

మీకు వర్తిస్తుందో లేదో ముందు తేల్చుకోండి

2025-26లో ఈ స్కాలర్‌షిప్ 18 రాష్ట్రాలకూ పుదుచ్చేరికీ వర్తించింది. అందులో తెలంగాణ ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు. పుదుచ్చేరి ఉంది కాబట్టి యానాం అమ్మాయిలు ధైర్యంగా దరఖాస్తు చేసుకోవచ్చు. కర్ణాటక, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కూడా జాబితాలో ఉన్నాయి. అంటే బళ్లారిలోనో కోలారులోనో బరంపురంలోనో సర్కారు బడిలో చదివిన తెలుగు అమ్మాయిలకూ దారి ఉంది. మీ సొంతూరు ఏ రాష్ట్రంలో ఉందని కాదు, పది, పన్నెండు ఎక్కడ చదివారన్నదే ఇక్కడ లెక్క. ఆ ఏటి నోటిఫికేషన్‌లో రాష్ట్రాల జాబితా చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

రెండో షరతు దగ్గరే చాలామంది మనసు కష్టపెట్టుకుంటారు. పదో తరగతి, ఇంటర్ రెండూ ప్రభుత్వ విద్యాసంస్థల్లో, రెగ్యులర్‌గా చదివి ఉండాలి. జెడ్పీ హైస్కూల్లో పది పాసై ఇంటర్ ప్రైవేటు కాలేజీలో చదివితే కుదరదు. ఫీజు కట్టలేక ప్రిన్సిపాల్‌ను బతిమాలుకుని చదివినా సరే, కాలేజీ ప్రైవేటుదైతే ప్రైవేటుదే. ఈ సంగతి తెలిసీ 'పెట్టి చూద్దాం' అని పెట్టి నెలల తరబడి ఎదురుచూడటం కంటే, మీకు సరిపోయే ఇంకో స్కాలర్‌షిప్ వెతుక్కోవడం మేలు. అలాంటిదొకటి కింద చెప్పాను.

మూడోది, మీరు చేరిన కోర్సు రెండు నుంచి ఐదేళ్ల డిగ్రీ గానీ డిప్లొమా గానీ అయి, మీరు అందులో మొదటి ఏడాదిలో ఉండాలి. రెండో ఏడాదిలోకి వచ్చాక తెలిస్తే ఆలస్యమైపోయినట్టే. మీ వీధిలో, మీ తండాలో ఈ ఏడు ఇంటర్ రాస్తున్న అమ్మాయి ఉంటే ఇప్పుడే చెప్పి ఉంచండి.

పేరు సంగతి: అన్నింటికంటే ముందు ఇది

మన పేర్ల తీరు వేరు. ఇంటిపేరు ముందు ఉంటుంది, కొన్నిచోట్ల పూర్తిగా రాస్తారు, కొన్నిచోట్ల పొడి అక్షరంతో సరిపెడతారు. ఒక అమ్మాయి కాగితాలు ఇలా ఉంటాయి చూడండి. టెన్త్ మెమోలో 'బానోతు సునీత' అని ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో 'సునీత' ముందొచ్చి, ఇంటిపేరు పొడి అక్షరమై చివరికి పోతుంది. బ్యాంకు పుస్తకంలో అసలు ఇంటిపేరే ఉండదు. ఇంగ్లిష్ స్పెల్లింగు సంగతి సరేసరి. ఒకచోట 'టీ' పక్కన 'హెచ్' ఉంటుంది, ఇంకోచోట ఉండదు. మన కంటికి అంతా ఒకే సునీత. కాగితాలు పరిశీలించేవాళ్లకు మాత్రం ముగ్గురు మనుషుల్లా కనబడతారు.

దీన్ని సరిచేయడానికి ఒక వరస ఉంది. వరస తప్పితే తిరిగిన చోటే తిరగాలి.

టెన్త్ మెమోను మూలంగా పెట్టుకోండి. దాన్ని మార్చడం కష్టం, మార్చాల్సిన అవసరమూ సాధారణంగా ఉండదు. మిగతావన్నీ దానికి అనుగుణంగా రావాలి. ఇంటర్ మెమోలో పేరు టెన్త్ మెమోలో లాగే ఉందో లేదో అక్షరం అక్షరం పోల్చండి. తర్వాత ఆధార్. టెన్త్ మెమో పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే ఉంటుంది, పుట్టినతేదీ అయితే ఒక్కసారే. కాబట్టి కౌంటర్లో కూర్చున్నవాళ్లు టైపు చేశాక 'సరేనా' అని స్క్రీన్ చూపిస్తే, తొందరపడి తల ఊపకండి. మెమో పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చదివి, అప్పుడు ఔనని చెప్పండి. 15 ఏళ్లు నిండాక వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి, అది చాలామంది పిల్లలకు పెండింగులో ఉంటుంది. పనిలో పనిగా అదీ చేయించేయండి. ఆధార్ మారాకే బ్యాంకుకు వెళ్లాలి. ముందు బ్యాంకులో మార్పించుకుని తర్వాత ఆధార్ మారిస్తే, బ్యాంకుకు మళ్లీ తిరగాలి.

ఇంకొక మాట పెద్దవాళ్లకు. ఇంటర్ అయిన ఏడాదే పెళ్లి సంబంధాలు చూడటం మన దగ్గర మామూలైపోయింది. పెళ్లయినా అమ్మాయి చదువుకోవచ్చు, చదివించాలి కూడా. చదువు పూర్తయ్యేదాకా మాత్రం ఆధార్‌లో ఇంటిపేరు మార్చకండి. అత్తగారింటి పేరు పెట్టించిన మరుక్షణం మెమోలకూ ఆధార్‌కూ మధ్య దారం తెగిపోతుంది. తర్వాత ప్రతి కౌంటర్లోనూ అఫిడవిట్ అడుగుతారు.

బ్యాంకు ఖాతా

ఖాతా అమ్మాయి సొంత పేరు మీద ఉండాలి. నాన్న ఖాతా, అన్న ఖాతా పనికిరావు. చాలామందికి బడిలో ఉన్నప్పుడు తెరిచిన ఖాతా ఒకటి ఉంటుంది. అది ఉందిలే అని ధీమాగా ఉండకండి. ఒకసారి పాస్‌పుస్తకం తీసి చూడండి. అందులో మీ ఫొటో పక్కన అమ్మ ఫొటో కూడా ఉందంటే, అది మైనర్ ఖాతా కావచ్చు. 18 నిండాక దాన్ని మేజర్ ఖాతాగా మార్పించుకోవాలి. రెండేళ్లపాటు మీరు డబ్బు వేయడం గానీ తీయడం గానీ చేయకపోతే ఖాతా 'ఇనాపరేటివ్', అంటే పనిచేయని ఖాతా, అవుతుంది. ఏ కాగితాలూ లేకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే అందులో 50,000కు మించి నిల్వ ఉండకూడదు, ఏడాది మొత్తం మీద లక్షకు మించి జమ కాకూడదు. పూర్తి కేవైసీ (గుర్తింపు, చిరునామా కాగితాలు) ఇస్తే ఆ పరిమితులు పోతాయి.

బ్యాంకుకు వెళ్లి ఏం అడగాలో తెలియక కౌంటర్ ముందు నిలబడి తిరిగొచ్చేసే అమ్మాయిలు చాలామంది. ఇదిగో, ఇలా అడగండి: "సార్, ఇది నా ఖాతా. స్కాలర్‌షిప్ పడాలి. ఖాతా యాక్టివ్‌గా ఉందా, మేజర్ ఖాతానేనా, కేవైసీ అయిందా, ఆధార్‌లో ఉన్నట్టే పేరు ఉందా, నా ఫోన్ నంబరే లింకై ఉందా? పాస్‌బుక్ ప్రింట్ చేసి ఇస్తారా?" కాగితం మీద రాసుకుని వెళ్లినా తప్పులేదు. విసుక్కుంటే మేనేజర్ గదిలోకి వెళ్లి ఇదే అడగండి. ఇది మీరు అడిగే సాయం కాదు, వాళ్లు చేయాల్సిన పని.

ఇప్పుడు ఐఎఫ్ఎస్‌సీ కోడ్, అంటే మీ ఖాతా ఏ బ్యాంకులో ఏ శాఖదో చెప్పే కోడ్. తెలుగువాళ్ల పాస్‌పుస్తకాల్లో ఇదొక ప్రత్యేకమైన చిక్కు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరాలో కలిసింది. తెలంగాణలో ఉన్న ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఆంధ్రలో నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి 2025 మే 1న ఒకటే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. మీ దగ్గరున్న పాత పుస్తకంలో పాత పేరు, పాత కోడే అచ్చై ఉంటుంది. దాన్ని చూసి ఎక్కిస్తే డబ్బు రాదు. కొత్త పుస్తకం అడిగి తీసుకోండి. పేరు, ఖాతా నంబరు, కోడ్ మూడూ చేతిరాతతో కాకుండా ప్రింటులో ఉండేలా చూసుకోండి.

ఫోన్ నంబరు

దరఖాస్తు మొదలయ్యేదే ఫోన్ నంబరుతో. ఆ నంబరుకే ఓటీపీ, ఆ తర్వాత 'మీ కాగితం సరిగా లేదు, మళ్లీ ఎక్కించండి' లాంటి కబుర్లూ వస్తాయి. నెట్ సెంటర్లో రద్దీలో ఉన్న అన్న "ఏం కాదు చెల్లె, నా నంబరు పెడతాలే, తొందరగా అయిపోతుంది" అంటాడు. వద్దని గట్టిగా చెప్పండి. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆయన ఫోన్‌కు రోజుకు ఎంతమంది మెసేజులు వస్తాయో ఆలోచించండి. మీకు రావాల్సిన కబురు అక్కడే ఉండిపోతుంది.

మీకు సొంత ఫోన్ లేకపోతే అమ్మ నంబరు ఇవ్వండి. ఉద్యోగానికో పెళ్లయ్యో ఊరు విడిచి వెళ్లే అన్నదో అక్కదో ఇవ్వకండి. నెలల తరబడి రీచార్జ్ లేకుండా వదిలేస్తే ఆ సిమ్ కట్ అయి, నంబరు ఇంకొకరి చేతికి పోతుంది. నాలుగేళ్ల కోర్సు అయితే నాలుగేళ్లూ ఆ నంబరు పనిచేస్తూ ఉండాలి.

దరఖాస్తు నింపే రోజు

దరఖాస్తు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే, ఫౌండేషన్ సొంత వెబ్‌సైట్‌లో. ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. నెట్ సెంటర్లో ఇచ్చేది వాళ్ల కష్టానికే తప్ప స్కాలర్‌షిప్‌కు కాదు. 2025-26లో మొదటి విడత దరఖాస్తులు సెప్టెంబరులో, రెండో విడతవి జనవరిలో తెరిచారు. రెండో విడత ఉందిలే అని మొదటిది వదలకండి. ఆఖరి రెండు రోజుల్లో సైటు నెమ్మదిస్తుంది, టెన్షన్‌లో తప్పులు దొర్లుతాయి.

చేతిలో ఉండాల్సినవి: ఫొటో, తెల్లకాగితం మీద సంతకం, ఆధార్, పాస్‌పుస్తకం మొదటి పేజీ, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కాలేజీలో చేరినట్టు రుజువు. ఈ చివరిదాని దగ్గర తెలంగాణ అమ్మాయిలు పొరబడుతుంటారు. తెలంగాణ డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్‌లో సీటు వచ్చినట్టు ఇచ్చే అలాట్‌మెంట్ లెటర్ ఒకటి, కాలేజీకి వెళ్లి రిపోర్ట్ చేసి నిజంగా చేరడం ఇంకొకటి. కాలేజీ ఆఫీసులో బోనఫైడ్ (మీరు అక్కడ చదువుతున్నారనే ధ్రువపత్రం) తీసుకోండి లేదా ఫీజు కట్టిన రసీదు భద్రంగా దాచుకోండి. బోనఫైడ్ మీద మీ పేరు మెమోలో ఉన్నట్టే ఉండాలి. కోర్సు పేరు, ఏ ఏడాది, విద్యా సంవత్సరం, ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ ముద్ర ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. బయటికొచ్చాక చూసుకుంటే మళ్లీ క్లర్కు దొరికేసరికి రెండు రోజులు.

కాగితాలను ఫోన్‌తో ఫొటో తీస్తే పగటిపూట, వరండాలో, నేల మీద పరిచి తీయండి. ట్యూబ్‌లైటు కింద తీస్తే లామినేషన్ మీద వెలుగు పడి సరిగ్గా హాల్‌టికెట్ నంబరు ఉన్నచోటే తెల్లగా మెరిసిపోతుంది. నాలుగు మూలలూ కనబడాలి, బొటనవేలు కనబడకూడదు. తీశాక పెద్దది చేసి చూడండి. మీకు చదవడానికి రానిది వాళ్లకూ రాదు.

నింపడం అయ్యాక సబ్మిట్ నొక్కేముందు ఇంకొకరి చేత చదివించండి. మీరు ఖాతా నంబరు పైకి చదువుతుంటే వాళ్లు స్క్రీన్ చూడాలి, తర్వాత తారుమారు కావాలి. ఒక్క అంకె తేడా వస్తే డబ్బు వెనక్కి పోవడమో, ఇంకొకరి ఖాతాలో పడటమో జరుగుతుంది. చివర్లో వచ్చే దరఖాస్తు నంబరును నోట్‌బుక్‌లో రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీసి అమ్మ ఫోన్‌కు పంపండి.

ఆంధ్రలో చదివినవాళ్లు, ప్రైవేటులో ఇంటర్ చదివినవాళ్లు

కోటక్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ ఇచ్చే కోటక్ కన్యా స్కాలర్‌షిప్ చూడండి. ఇది దేశమంతటికీ వర్తిస్తుంది, ఇంటర్ ప్రభుత్వ కాలేజీలోనే చదవాలన్న నియమం లేదు. కానీ పద్ధతి పూర్తిగా వేరు. ఇంటర్‌లో 75 శాతం లేదా అంతకు పైన మార్కులు, కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షల లోపు, ఇంజనీరింగ్, ఎంబీబీఎస్, ఫార్మసీ, నర్సింగ్, ఐదేళ్ల లా లాంటి వృత్తి విద్యా కోర్సులో మొదటి ఏడాది, అదీ గుర్తింపు ఉన్న మంచి సంస్థలో. ఎంపికైతే ఏడాదికి 1.5 లక్షల దాకా ఇస్తారు. ఇక్కడ పోటీ ఉంటుంది, ఇంటర్వ్యూ ఉంటుంది, ఆదాయం రుజువు చేయాలి. ఇంటి ఫొటోలు కూడా అడుగుతారు.

ఇంటి ఫొటో దగ్గర సిగ్గుపడకండి. రేకుల ఇల్లయితే రేకుల ఇల్లే తీయండి. బంధువుల ఇంటి ముందు నిలబడి తీయడం, ఉన్న టీవీ, ఫ్రిజ్ దాచేయడం, రెండూ వద్దు. ఇంటర్వ్యూలో మీ కుటుంబం గురించి చెప్పమంటే "మేము చాలా పేదవాళ్లం సార్" అనడంతో ఆపేయకండి. ఆ మాట అందరూ అంటారు. లెక్కలు చెప్పండి: నాన్నకు ఎకరంన్నర సొంతం, రెండెకరాలు కౌలు. కౌలు ఇంత, అప్పు ఇంత, అమ్మ కూలికి వెళ్తే రోజుకు ఇంత. తమ్ముడు తొమ్మిదిలో ఉన్నాడు. కాలేజీ ఫీజు ఇంత, రీయింబర్స్‌మెంట్ పోను మేము కట్టాల్సింది ఇంత, హాస్టల్‌కు ఇంత. ఇలా చెబితే ఎదుటివాళ్లకు మీ ఇల్లు కళ్లకు కడుతుంది. నోట్‌బుక్‌లో రాసుకుని, అమ్మానాన్నలతో కూర్చుని ఒకసారి సరిచూసుకోండి. మాట్లాడేది తెలుగులోనే బాగా వస్తుందనుకుంటే, తెలుగులో చెప్పవచ్చా అని మర్యాదగా అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

డిప్లొమా, ఇంజనీరింగ్ అమ్మాయిలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ కూడా ఉంది. అది ప్రభుత్వానిది, ఏడాదికి 50,000, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా ఇస్తారు. ఒక స్కాలర్‌షిప్ తీసుకుంటూ ఇంకొకటి తీసుకోవచ్చా అన్నది ఒక్కో సంస్థ ఒక్కోలా చెబుతుంది. అడిగినచోట ఉన్నదున్నట్టు రాయండి. దాచిపెట్టి తర్వాత బయటపడితే రెండూ పోయే ప్రమాదం ఉంది.

ఎవరైనా ఫోన్ చేస్తే

'మీకు స్కాలర్‌షిప్ మంజూరైంది, 999 కడితే రిలీజ్ చేస్తాం' అని ఫోన్ వస్తే అది మోసమే. పెట్టేయండి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే. వాట్సాప్‌లో వచ్చే లింకు ద్వారా కాకుండా, ఫౌండేషన్ వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్లి లాగిన్ అయి చూసుకోండి. అమ్మకూ ఈ సంగతి చెప్పి ఉంచండి. మీరు క్లాసులో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తేది ఆవిడే.

డబ్బు పడ్డాక

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. దానివల్ల ఒక పెద్ద ఖర్చు తప్పింది. అయినా బస్సు రాని ఊళ్లకు షేర్ ఆటోలే గతి. హాస్టల్ మెస్ బిల్లు, పరీక్ష ఫీజు, రికార్డులు, ల్యాబ్ కోటు, నెట్ రీచార్జ్ అన్నీ కలిపితే 15,000 ఎంతో కాలం నిలవవు. అందుకే డబ్బు రాకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. విత్తనాలకు అవసరమని నాన్న అడిగితే కాదనడం ఏ ఆడపిల్లకైనా కష్టమే. కానీ ఆ సెమిస్టర్ పరీక్ష ఫీజు, హాస్టల్ బకాయి ముందు కట్టేశాక మిగిలినదాని గురించే మాట్లాడండి. నాన్నలకు నేను చేతులు జోడించి చెప్పేది కూడా అదే. ఏటీఎం కార్డు అమ్మాయి దగ్గరే ఉండనివ్వండి. ఆ డబ్బు ఆమె చదువు ఆగకూడదని ఎవరో పంపింది.

రెండో ఏడాది కూడా స్కాలర్‌షిప్ రావాలంటే చదువు కొనసాగుతూ ఉండాలి. మధ్యలో మానేస్తే ఆగిపోతుంది. ప్రతి సెమిస్టర్ మెమో, ప్రతి ఫీజు రసీదు ఒకే ఫైల్లో పెట్టండి. పై తరగతిలోకి వెళ్లగానే కొత్త బోనఫైడ్ తీసుకోండి. కాలేజీ మారినా, హాస్టల్ నుంచి ఇంటికి మారినా, ఫోన్ నంబరు పోయినా వెంటనే ఫౌండేషన్‌కు తెలియజేయండి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం ఏమిటో లాగిన్‌లో చూడండి. కాగితం మసకగా ఉండటమో, పేరు కలవకపోవడమో అయితే సరిచేసి, గడువు ఉంటే మళ్లీ ఎక్కించండి. గడువు దాటిపోతే రెండో విడత తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. ఈలోపు ఆధార్ కేంద్రం, బ్యాంకు పనులు పూర్తిచేసుకోండి.